పాత మిలిటరీ పిస్టల్ ఒర ఏ కాలానిదో ఎట్లా తేల్చాలి?

హనుమకొండలో పాత సామాన్ల దుకాణంలో కొన్న తోలు ఒర రెండో ప్రపంచ యుద్ధం నాటిదేనా అని అడిగారు. ముందు ముద్ర వెతకండి: మూత లోపల, వీపు భాగంలో, బెల్టు పట్టీ వెనక. బాణం గుర్తుతో 'ఐ' అక్షరం ఉంటే బ్రిటిష్ కాలపు ఇండియా సైన్యానిది. మూత మీద అండాకారంలో 'యు.ఎస్.' ఉంటే అమెరికా సైన్యం వాడిన ఎం1916 రకం ఒర కావచ్చు. వెనక తయారీదారు పేరు, చాలాసార్లు సంవత్సరం కూడా ఉంటాయి. 1950ల నడుమ అమెరికా సైన్యం గోధుమరంగు వదిలి నలుపుకు మారింది. పాతవాటికి నల్లరంగు వేసి వాడినవీ ఉన్నాయి, రంగొక్కటే చూసి నిర్ణయించొద్దు.

నా దృష్టిలో ముద్రకన్నా తోలే గట్టి సాక్ష్యం. కోసిన అంచును భూతద్దంతో చూడండి. తంగేడు చెక్కలాంటి బెరడుతో పదును చేసిన తోలు లోపలిదాకా గోధుమరంగే. నడుమ నీలి బూడిదరంగు పొర కనిపిస్తే అది క్రోమ్ తోలు, అంటే బెరడుతో కాక క్రోమియం లవణాలతో పదును చేసింది; నకలని అనుమానించాలి. అల్ట్రావయొలెట్ టార్చి కింద కుట్టుదారం తెల్లగా, నీలంగా వెలిగితే సాధారణంగా కొత్త దారమే. అయితే రంధ్రాలు పాతబడి సాగి ఉంటే మరమ్మతు అయ్యుండొచ్చు. పాత పగుళ్ల మీదుగా ముద్ర దిగితే అది తర్వాత కొట్టింది.

తేలేదాకా నూనె మాత్రం రాయకండి. తోలు నల్లబడి, సన్నని అక్షరాలు కనిపించకుండా పోతాయి.