హేడ్రియన్ గోడ దగ్గర గుడారం, ఇంట్లో అలక

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటాము. నరసరావుపేట నుంచి అత్తమామలు నాలుగు నెలలు ఉందామని వచ్చారు. ఆగస్టులో, ఉత్తర ఇంగ్లండులో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ దగ్గర మూడు రాత్రులు గుడారాల్లో గడపాలని మావారు, పద్నాలుగేళ్ల మా అమ్మాయి నిర్ణయించి స్థలం బుక్ చేశారు. బండ్లు కట్టుకుని కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లి జాగారం చేసిన కథలు మనవరాలికి చెప్పే అత్తగారే, "ఇల్లూ వాకిలీ లేనివాళ్లలా బీడులో పడుకోవడానికా ఇంత దూరం వచ్చింది?" అని అలిగారు. మామగారికి మోకాళ్ల నొప్పులు. మావారు తగ్గరు. ఇద్దరికీ నేనే నచ్చజెప్పాల్సి వస్తోంది.

జవాబు: "నిర్ణయించి బుక్ చేశారు" అని మీరు రాసిన చోటే నేను ఆగిపోయాను. సంగతి మీ అత్తగారి దాకా వచ్చేసరికి, సరేననడమో అలగడమో తప్ప ఆమెకు వేరే దారి మిగలలేదు. ఆరుబయట రాత్రి గడపడం ఆమెకు కొత్త కాదని మీరే రాశారు. కొడుకు సంసారంలో తాను సామానుతోపాటు కారెక్కవలసిన మనిషినయ్యానన్న బాధ ఆ మాటలో నాకు వినిపిస్తోంది. ఆ బాధను తీర్చవలసినది మీ వారు. ఆయన మాటను ఆమెకూ, ఆమె మాటను ఆయనకూ మోయడం మీరు ఈ రోజే మానేయండి.

అడగడం ఎలాగో ఆయన ఆ గోడ పక్కనే నేర్చుకోవచ్చు. అక్కడి విండొలాండా అనే రోమన్ కోటలో 1973 నుంచి తవ్వకాల్లో బయటపడుతున్న పలుచని చెక్క పలకల ఉత్తరాల్లో ఒకటి, క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే సైనికాధికారి భార్య మరో అధికారి భార్య సుల్పీషియా లెపిడినాకు పంపినది. తన పుట్టినరోజుకు రమ్మని పిలుస్తూ, నీ రాకతో ఆ రోజు నాకు మరింత ఆనందమవుతుందని ఆమె చెప్పింది. లేఖరి రాసిన ఆ ఉత్తరం చివర సొంత చేతితో మరికొన్ని మాటలు చేర్చింది. "అన్నీ బుక్ అయ్యాయి, బయల్దేరమ్మా" అనడానికీ ఇలా పిలవడానికీ ఉన్న తేడా ఏ తల్లికైనా తెలుస్తుంది. అయితే ఆమె రానన్నా నొచ్చుకోకుండా ఉండగలిగితేనే మీ వారు ఆ మాట అడగాలి.

మామగారి విషయంలో మాత్రం బతిమాలడం కూడా సరికాదు. ఆగస్టులోనూ అక్కడ రాత్రులు చల్లగానే ఉంటాయి. విండొలాండా పలకల్లోనే ఎవరికో మేజోళ్లు, లోదుస్తులు పంపినట్టు ఒక ఉత్తరం ఉంది. అర్ధరాత్రి టార్చి పట్టుకుని, తడిగడ్డి మీద ఉమ్మడి మరుగుదొడ్ల దాకా నడవడం నొప్పుల మోకాళ్లకు శిక్షే. హౌస్‌స్టెడ్స్ కోటకు కూడా కారు ఆపే చోటు నుంచి దాదాపు అర మైలు ఎక్కుడు దారి ఉంది. కాబట్టి పెద్దవాళ్లిద్దరికీ దగ్గరి ఊళ్లయిన హాల్ట్‌విసిల్‌లోనో హెక్సమ్‌లోనో ఒక గది తీసుకోండి. బడి సెలవులు గనుక గదులు త్వరగా నిండిపోతాయి, వెంటనే అడగండి. తండ్రీకూతుళ్లు గుడారంలో ఉంటారు, సాయంత్రాలు అందరూ గుడారం దగ్గరే కలిసి భోంచేయవచ్చు.

అమ్మాయి మొదట ముఖం ముడుచుకుంటుంది. క్రీ.శ. 122లో మొదలుపెట్టి, 73 మైళ్ల పొడవున కట్టిన ఆ గోడను తాతయ్యకు చూపించి వివరించే పని ఆమెకే అప్పగించండి. రోమన్ సైన్యంలో చేరి సిరియా నుంచి వచ్చిన విలుకాళ్లు అక్కడ కాపలా కాశారని చెబితే, కన్నబిడ్డను చూడటానికి ఖండాలు దాటి వచ్చిన ఆయన తప్పక ఆసక్తిగా వింటారు.

మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించనిది మీ ఇష్టమే. గుడారంలో పడుకుంటారా, గదిలోనా? గ్యాస్ పొయ్యి మీద అయిదుగురికి మూడు రోజులు వండేది మీరే అయితే, నా దృష్టిలో అది సెలవు కాదు. రెండు పూటల వంట మీ వారిదీ అమ్మాయిదీ అని బయల్దేరకముందే తేల్చుకోండి. పులిహోర కలిపి తెచ్చే పని అత్తగారు తనంతట తాను అడిగితే మాత్రం కాదనకండి.