తేదీ చూసి బ్యాకప్ తీసేస్తే నాలాగే ఇరుక్కుంటారు

"ఇంట్లో నలుగురం వాడే నెట్‌వర్క్ డ్రైవ్ (ఇంటి నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్లు దాచుకునే డిస్కుల పెట్టె) నిండిపోయింది, ఎప్పటివో పాత కంప్యూటర్ల బ్యాకప్‌లున్నాయి, తీసేయొచ్చా?" అని ఒకరు అడిగారు. తీసేయొచ్చు. కానీ తేదీ, సైజు చూసి మాత్రం తీయకండి. నేను చేసిన ఘనకార్యం అదే.

మాది 4 టీబీ డ్రైవ్. ఒకరోజు చూస్తే 11 జీబీ మిగిలింది. సైజు ప్రకారం వరుసలో పెడితే అన్నిటికన్నా పైన మూడేళ్ల కిందటి ఫైలు ఒకటి, 380 జీబీ. అదే ఫోల్డర్‌లో రెండేసి, ఐదేసి జీబీల చిన్న ఫైళ్లు, పోయిన వారం దాకా ఉన్నాయి. కొత్తవి ఉండగా ఈ పాతదెందుకులే అని పెద్దదాన్ని లేపేశాను. తీరా చూస్తే ఖాళీ 11 జీబీ దగ్గరే ఉంది! అరగంట బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, డ్రైవ్‌కి సొంత రీసైకిల్ బిన్ ఉందని. (స్నాప్‌షాట్లు, అంటే డ్రైవ్ తనంతట తాను దాచుకునే పాత స్థితులు, ఆన్‌లో ఉన్నా ఇంతే, వాటి గడువు తీరేదాకా జాగా తిరిగి రాదు.) ఆ బిన్ కూడా ఊడ్చేసి, ఏదో సాధించినట్టు ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను.

నాలుగు నెలలకి అక్క ల్యాప్‌టాప్‌లో డిస్క్ పోయింది. "టెన్షన్ పడకక్కా, బ్యాకప్ ఉంది" అని ధీమాగా రీస్టోర్ మొదలుపెట్టాను. చివరి ఫైలు ఎంచుకోగానే, దీనికి ముందున్న మొదటి ఫైలు ఎక్కడుందో చూపించమని బ్యాకప్ ప్రోగ్రామ్ అడిగింది. అప్పుడు వెలిగింది. ఆ 380 జీబీదే ఫుల్ బ్యాకప్, అంటే మొత్తం కంప్యూటర్ కాపీ, మిగతావన్నీ ఇంక్రిమెంటల్, అంటే అంతకుముందుసారి నుంచి మారినవి మాత్రమే వాటిలో ఉంటాయి. పునాది పీకేసి మేడ దాచుకున్నానన్నమాట. అక్క పక్కనే కూర్చుని "ఇంకా ఎంతసేపట్రా?" అంటోంది, నేనేమో స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా "వస్తోందక్కా" అంటున్నాను. పాప చిన్నప్పటి ఫొటోల్లో చివరికి దొరికినవి వాట్సాప్‌లో పంపుకున్నవే. ఇప్పటికీ ఇంట్లో ఏ ఫైలు కనపడకపోయినా బావ ముందు నా వైపే చూస్తాడు.

నన్నడిగితే జాగా లేకపోవడం అసలు సమస్యే కాదు. ఏ ఫైలు ఎవరిదో తెలియకపోవడం సమస్య. "బ్యాకప్ కొత్తది", "బ్యాకప్ ఫైనల్", "కొత్త ఫోల్డర్ 2", ఇవేం పేర్లండీ? విండోస్ కంప్యూటర్‌కి మనం పేరు పెట్టకపోతే డెస్క్‌టాప్ అనే మాట పక్కన ఏవో అక్షరాలు, అంకెలు తగిలిస్తుంది, బ్యాకప్ ఫోల్డర్ కూడా ఆ పేరుతోనే వస్తుంది. మూడేళ్ల తర్వాత అది ఎవరి కంప్యూటరో ఎవరికి గుర్తుంటుంది?

మ్యాక్ ఉంటే ఇంకో సంగతి. దాంట్లో ఉండే బ్యాకప్ ప్రోగ్రామ్ టైమ్ మెషిన్‌కి కోటా (ఇంత జాగాకి మించొద్దనే హద్దు) పెట్టకపోతే ఖాళీ ఉన్నంతవరకూ వాడుకుంటూ పోతుంది, నిండాకే పాతవి తీస్తుంది. పైకి ఒక్క ఫైలులా కనిపించేది లోపల బోలెడన్ని చిన్న ముక్కలు. ల్యాప్‌టాప్ నుంచి నెట్‌వర్క్ మీద డిలీట్ కొడితే తెల్లారిపోతుంది, డ్రైవ్ సొంత అడ్మిన్ పేజీలోకి వెళ్లి తీసేయండి.

ఇప్పుడు నేనైతే దేన్నీ నేరుగా తీయను. ఫోల్డర్ పేరు మార్చి వదిలేస్తాను. ఇంకా వాడుకలో ఉన్న బ్యాకప్ అయితే ఒకట్రెండు రోజుల్లోనే ఏదో కంప్యూటర్ ఎర్రర్ అని గోల పెడుతుంది, లేదా మళ్లీ మొదటి నుంచి ఫుల్ బ్యాకప్ మొదలెడుతుంది. రెండు నెలలు చడీచప్పుడు లేకపోతే, దాంట్లోంచి ఒక ఫైలు రీస్టోర్ చేసి అది ఎవరిదో కనుక్కుని, వాళ్లనే తీసేయమంటాను. డ్రైవ్‌లో రెండు డిస్కులు ఒకదానికొకటి కాపీగా ఉన్నాయి కదా, భయమెందుకు అనేవాళ్లకి ఒక దండం. మీరు డిలీట్ కొడితే రెండింటిలోంచీ ఒకేసారి పోతుంది.

ప్రస్తుతం మా డ్రైవ్‌లో 90 జీబీల ఫోల్డర్ ఒకటుంది, పాస్‌వర్డ్ పెట్టింది. పేరు మార్చి ఐదు నెలలైంది, ఎవరినడిగినా నాది కాదంటారు. అది తీయడానికి నాకు మాత్రం చెయ్యి రావట్లేదు.