మందిరం మీద దాడి జరిగితే ముందు ఏం చెయ్యాలి? మాకు జరిగింది చెప్తున్నా

వందనాలు బ్రదర్. ఆదివారం ఆరాధనలో ఉండగా కొంతమంది వచ్చి కుర్చీలు విరగ్గొట్టి పాస్టర్ గారిని కొట్టారు, స్టేషన్‌కి వెళ్తే పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసుకోమంటున్నారు, అసలు చట్టంలో మనకి రక్షణ ఉందా అని అడిగారు. ఉంది. కానీ మొదటి రెండు రోజుల్లో మీరు ఏం రాసిచ్చారు, ఏ ఆధారాలు భద్రంగా ఉంచారు అన్నదాని మీదే మిగతాదంతా నడుస్తుంది. మా సంఘం ఆ రెండు రోజులూ పోగొట్టుకుంది.

మాది రేకుల షెడ్డు మందిరం, ఆరేళ్ల కిందట ఒక శుక్రవారం రాత్రి తగలబెట్టారు. తెల్లారి నాలుగింటికి మా పెద్దమ్మ ఫోన్ చేస్తే పరిగెత్తా. ప్లాస్టిక్ చాపలన్నీ కరిగి ముద్దలా నేలకి అంటుకుపోయాయి, డోలక్ తోలు కాలిపోయి చట్రం ఒక్కటే మిగిలింది, మా నాన్న మందిరానికిచ్చిన పెద్ద బైబిల్ అంచులు కాలి నడిమి పేజీలు మాత్రం తెల్లగా అలాగే ఉన్నాయి. కిటికీ కింద మూత లేని డబ్బా ఒకటి, ఇంకా పెట్రోల్ వాసన కొడుతోంది. మర్నాడు ఆదివారం కదా, మా ఆడవాళ్లు ఏడుస్తూనే చీపుర్లు పట్టి మొత్తం ఊడ్చి బిందెలతో నీళ్లు పోసి కడిగేశారు, డబ్బా కూడా చెత్తలో పోయింది, నేనూ బకెట్లు మోశాను. మధ్యాహ్నం పోలీసులొచ్చేసరికి అక్కడ కడిగిన నేల తప్ప ఏమీ లేదు. షార్ట్ సర్క్యూట్ అని రాసుకున్నారు. ఆ వారం మా షెడ్డుకి కరెంటే లేదు, సర్వీసు వైరు పీకేసి ఉంది, కానీ అది కూడా మేం కంప్లైంట్‌లో రాయలేదు. కేసు అక్కడితో మూతబడింది.

అందుకే చెప్తున్నా, విరిగిన కుర్చీ ఒక్కటి కూడా కదపకండి. ఎవరెవరు వీడియో తీశారో వాళ్ల ఫోన్లు జాగ్రత్త, వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన కాపీ ఉంది కదా అని ఒరిజినల్ డిలీట్ చెయ్యొద్దు, కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడుగుతారు, అసలు ఫోన్ ఉంటే అది తేలిక.

ఇక ఎఫ్ఐఆర్ సంగతి. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చెయ్యగలిగే నేరం, జరిగిందని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలి. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చింది) 173 సెక్షన్ ప్రకారం ఏ స్టేషన్‌లో అయినా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ అంటారు, కాపీ ఉచితంగా ఇవ్వాలి. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్ష పడే నేరాలకి మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు పోలీసులకి ఉంది, ఎంక్వైరీ చేస్తున్నాం అంటే ఏ తారీకు నుంచి అని అడగండి. అసలు తీసుకోకపోతే అదే ఫిర్యాదు ఎస్పీకి స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచుకోండి, అక్కడా కదలకపోతే అదే చట్టం 175(3) కింద మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. రాజీ కాగితం మీద మాత్రం భయపడి సంతకం పెట్టొద్దు.

సెక్షన్లు కూడా తెలుసుకుని వెళ్లండి. పాత ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్‌లో 300 అంటే ఆరాధనకి ఆటంకం కలిగించడం, ఇది ఏడాది శిక్ష ఉన్న చిన్న సెక్షన్, చాలాసార్లు ఇదొక్కటే రాసి పంపిస్తారు. ప్రార్థనా స్థలాన్ని ధ్వంసం చేస్తే, అపవిత్రం చేస్తే 298 ఉంది, మత విద్వేషం రెచ్చగొడితే 196, అదే ప్రార్థనా స్థలంలో చేస్తే 5 ఏళ్ల దాకా. నిప్పు పెడితే 326 జి, పాత ఐపీసీలో 436, యావజ్జీవం దాకా ఉంది. 7 ఏళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరమైతే ఫోరెన్సిక్ టీమ్‌ని పంపాలని కూడా కొత్త చట్టంలో పెట్టారు, రాష్ట్రాలకి అమలుకి గడువిచ్చారు గానీ అడగడంలో తప్పు లేదు.

ఇంత పట్టుబట్టి ఎందుకు చెప్తున్నానంటే, ఒడిశా కంధమాల్‌లో 2008లో క్రైస్తవుల మీద అంత ఘోరంగా దాడులు జరిగాక 827 కేసులు కడితే 315 కేసులు నేరం రుజువు కాలేదనో, చేసినవాళ్లు దొరకలేదనో మూసేశారు. 2016లో సుప్రీంకోర్టు వాటిని మళ్లీ పరిశీలించమని, బాధితులకి అదనంగా పరిహారం ఇవ్వమని చెప్పాల్సి వచ్చింది. అప్పటికి ఎనిమిదేళ్లు. సాక్షుల్ని బెదిరిస్తారు, ఊరు వదిలి పోయేలా చేస్తారు, 2018 నుంచి సాక్షుల రక్షణ పథకం ఉంది, మీ వాళ్లకి బెదిరింపులు వస్తే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టించండి.

మనలో చాలామందికి బాధ కలిగించే మాట ఒకటి చెప్పాలి. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లకి ఎస్సీ హోదా ఉండదు, 2025లో ఏపీ హైకోర్టు ఒక పాస్టర్ కేసులో ఆ కారణంతోనే ఆ చట్టం వర్తించదంది. ఎస్టీలకి మతం అడ్డు రాదు. మందిరం మారితే కులం పేరుతో తిట్టేవాడి నోరు మారుతుందా, నాకైతే ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ మీ కేసు మాత్రం పైన చెప్పిన సెక్షన్ల మీద నిలబడాలి.

లాయర్‌కి డబ్బుల్లేవని ఆగొద్దు, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దొరుకుతారు, ఆడవాళ్ల పేరుమీద ఫిర్యాదు ఉంటే ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు.

మా సంఘంలో పెద్దలు క్షమించాలి కదా, కేసులెందుకు అన్నారు. మనసులో క్షమించడానికి ఎవరూ అడ్డు రారు, కానీ పౌలు కూడా తనకి అన్యాయం జరుగుతుంటే రోమా పౌరుణ్ని అని చెప్పి కైసరుకే చెప్పుకుంటానన్నాడు. మేం ఆ మాట ఆలస్యంగా గుర్తు తెచ్చుకున్నాం.

పాస్టర్ గారిని ఈ రాత్రికే గవర్నమెంట్ ఆసుపత్రికి తీసుకెళ్లి ఎంఎల్‌సీ, అంటే పోలీసు కేసు కోసం డాక్టర్ రాసే గాయాల రికార్డు, రాయించండి, దెబ్బలు కమిలి ఉన్నప్పుడే ఫోటోలు తీయండి. వచ్చే ఆదివారం ఆరాధన బయట చెట్టు కింద పెట్టుకోండి, లోపల ఊడవకండి.