నాన్నగారికి ఏటా ఫ్లూ టీకా వేయించాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. షుగర్ ఉంది. రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. ఏటా ఫ్లూ టీకా వేయించమని డాక్టర్ చెప్పారు. పోయినేడాది వేయిస్తే ఆ రాత్రే ఒళ్లు వెచ్చబడింది, తర్వాత రెండుసార్లు జలుబు కూడా చేసింది. ‘దండగ, ఈసారి వద్దు’ అంటున్నారు. నాకు నాలుగు నెలల పాప ఉంది, అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మళ్లీ వేయించాలా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయించండమ్మా. మీ నాన్నగారి విషయంలో నాకు సందేహమే లేదు.

ముక్కు కారితే చాలు, మనం ‘ఫ్లూ’ అనేస్తాం. మామూలు జలుబు తెచ్చే వైరస్‌లు వందకు పైనే ఉన్నాయి. ఈ టీకా వాటి కోసం కాదు, ఇన్‌ఫ్లుయెంజా కోసం. అది వస్తే ఉన్నట్టుండి జ్వరం ఎక్కువగా కాస్తుంది, ఒళ్లంతా విరిచేసినట్టుంటుంది, మంచం దిగబుద్ధి కాదు. కాబట్టి రెండుసార్లు జలుబు చేసినంత మాత్రాన టీకా పనిచేయలేదని అనుకోనక్కర్లేదు. అలాగని ఇది ఫ్లూని నూటికి నూరుపాళ్లు ఆపుతుందనీ చెప్పను. ఆ ఏడాది తిరిగే వైరస్‌కు టీకా బాగా సరిపోతే ముప్పు 40 నుంచి 60 శాతం దాకా తగ్గుతుంది. పెద్దవయసులో ఇంకొంచెం తక్కువే. కానీ టీకా వేసుకున్నాక ఫ్లూ వచ్చినా అది న్యుమోనియా దాకా, ఐసీయూ దాకా పోయే అవకాశం తగ్గుతుంది. మీ నాన్నగారికి మనం కోరుకునేది అదే.

ఎందుకంటే ఫ్లూ ఊపిరితిత్తులతో ఆగదు. ఆ రోజుల్లో ఒంట్లో వాపు గుణం పెరుగుతుంది, రక్తం త్వరగా గడ్డకడుతుంది, గుండె మీద భారం పడుతుంది. ఫ్లూ అని పరీక్షలో తేలిన తర్వాతి ఏడు రోజుల్లో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు ఉంటుందని 2018లో వెలువడిన కెనడా పరిశోధన చూపింది. దీనికి తోడు జ్వరంలో షుగర్ అదుపు తప్పుతుంది. అందుకే స్టెంట్ ఉన్నవాళ్లకు ఈ టీకాను నేను గుండె మందుల్లో ఒకటిగానే లెక్కేస్తాను.

ఏటా ఎందుకంటే, ఈ వైరస్ రూపం మార్చుకుంటూనే ఉంటుంది. టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ చెబుతుంది. పాత టీకా ఇచ్చిన రక్షణ కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. 2009లో ప్రపంచాన్ని, 2015లో మన తెలంగాణను హడలెత్తించిన స్వైన్ ఫ్లూ రకం ఇప్పుడు సీజనల్ ఫ్లూలో కలిసిపోయింది. ఈ టీకా దానికీ పనిచేస్తుంది.

ఆ రాత్రి ఒళ్లు వెచ్చబడటం ఫ్లూ కాదు. మనకు మామూలుగా వేసే ఇంజెక్షన్‌లో బతికున్న వైరస్ ఉండదు. చెయ్యి నొప్పి, కాస్త జ్వరం ఒకటి రెండు రోజుల్లో పోతాయి, పారాసిటమాల్ చాలు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే నర్సుకు ముందే చెప్పి, సూది వేసినచోట కొన్ని నిమిషాలు దూదితో గట్టిగా అదిమి పట్టుకోండి. ఇంతకుముందు టీకా వేశాక ఊపిరాడకపోవడం, ముఖం వాయడం లాంటివి జరిగినా, ఎప్పుడైనా గిలాన్ బారీ జబ్బు (నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ చచ్చుబడే జబ్బు) వచ్చినా డాక్టర్‌తో మాట్లాడాకే వేయించాలి.

ఇక పాప సంగతి. ఆరు నెలలు నిండందే ఈ టీకా వేయరు. అంటే అప్పటిదాకా తనకు అడ్డుగోడ మీరే. తాతయ్య ఎత్తుకుని ముద్దు చేసే బిడ్డ కదా! మీరూ వేయించుకోండి, పాలిస్తున్నా ఇబ్బంది లేదు. ఆరు నెలలు నిండాక పాపకు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేయించాలి.

మన దగ్గర వానలు మొదలయ్యాక ఫ్లూ కేసులు పెరుగుతాయి, జనవరి నుంచి మార్చి మధ్య మళ్లీ కొన్ని వస్తాయి. టీకా పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి మే, జూన్‌లలో వేయిస్తే మంచిది. ఆలస్యమైనా మానేయకండి. కొత్తగా వచ్చిన టీకాయేనా అని అడిగి వేయించండి. ఇది ప్రభుత్వం పిల్లలకు ఉచితంగా వేసే టీకాల పట్టికలో లేదు, ఇంటిల్లిపాదికీ అంటే ఖర్చే. అందరికీ ఒకేసారి కుదరకపోతే ముందు నాన్నగారికి, తర్వాత మీకు.

టీకా వేయించినా ఆయనకు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొనుక్కోకండి, అది వైరస్‌ మీద పనిచేయదు. ఫ్లూకి ఒసెల్టామివిర్ అనే మందు ఉంది, మొదటి 48 గంటల్లో మొదలుపెడితే మేలు. అందుకని రెండోరోజు దాటకుండా డాక్టర్‌కు చూపించండి. ఆయాసం, ఛాతీలో నొప్పి, మగతగా ఉండటం కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పాపకు జ్వరం వచ్చినా, పాలు తాగకపోయినా అదే రోజు పిల్లల డాక్టర్ దగ్గరకు వెళ్లాలి.