పక్కన కూర్చుని నింపించు, బిడ్డా

బిడ్డా,

దేవరకొండ డిగ్రీ కాలేజీలో లెక్చరర్‌గా చేరావని విని మనసు నిండిపోయింది. తండాల పిల్లలు మధ్యలో మానేయకుండా ఏం చేయాలని అడిగావు. ముందుగా ఒక మాట. చదువు గొప్పతనం గురించి వాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వకు. అమ్మానాన్నలు ముంబైకో, పూణేకో వలసపోతే అవ్వ దగ్గర పెరిగిన పిల్లలకు ఆ సంగతి మనకన్నా బాగా తెలుసు.

వాళ్లు ఆగిపోయేది కాగితాల దగ్గర. తెలంగాణలో డిగ్రీ సీట్లిచ్చే ఆన్‌లైన్ పోర్టల్ దోస్త్‌లో సీటొస్తుంది, గడువులోగా సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు కావాలని ఆన్‌లైన్‌లో ఖాయం చేయక పోగొట్టుకుంటారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వెబ్‌సైట్ ఈపాస్‌లో స్కాలర్‌షిప్ ఏటా రెన్యువల్ చేయాలని సెకండియర్ వాళ్లలో చాలామందికి తెలియదు. టెన్త్ మెమోలో రమావత్ అనే ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో అసలే ఉండదు. ఆ ఒక్క తేడా సరిచేయించుకోవడానికి కూలి మానుకుని మీసేవకు, బ్యాంకుకు తిరగాలి. నాలుగుసార్లు తిరిగాక ఏ ఇంట్లోనైనా విసుగొస్తుంది.

నోటీసు బోర్డులో పెట్టాం కదా అని ఊరుకోకు. 2008లో అమెరికాలో హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అనే ట్యాక్స్ సంస్థ ఆఫీసుల్లో పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. ఆదాయం తక్కువున్న కొన్ని కుటుంబాలకు కాలేజీ ఆర్థిక సాయం ఫారం అక్కడికక్కడే నింపిపెట్టారు. ఇంకొన్ని కుటుంబాలకు ఎంత సాయం రావచ్చో లెక్కకట్టి చెప్పి పంపారు. ఫారం నింపిపెట్టిన ఇళ్లలో, స్కూలు చివరి ఏడాదిలో ఉన్న పిల్లలను తర్వాతి మూడేళ్లు గమనిస్తే, రెండేళ్ల కాలేజీ చదువు పూర్తిచేసినవాళ్లు 28 శాతం నుంచి 36 శాతానికి పెరిగారు. చెప్పి పంపిన ఇళ్లలో మార్పే లేదు. అందుకే అంటున్నాను, పక్కన కూర్చుని నింపించు. సబ్మిట్ నొక్కి, ప్రింటు చేతికొచ్చేదాకా లేవనివ్వకు.

ఫీజు ఒక్కటే కడితే సరిపోదు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ 2007లో ఏసాప్ అనే పథకం పెట్టింది. ఫీజులో తక్కువపడ్డది కట్టారు, పుస్తకాలు, ప్రయాణానికి పాసు ఇచ్చారు, ట్యూషన్ చెప్పించారు. ఒక్కో సలహాదారుకు కొద్దిమందినే అప్పగించి, తరచూ కలవాల్సిందే అన్నారు. లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి పోల్చి చూస్తే, మూడేళ్లలో పట్టా అందుకున్నవాళ్లు పథకంలో 40 శాతం, బయట 22 శాతం. అంత డబ్బు మన కాలేజీలకు లేదు, నిజమే. కానీ ఆ సలహాదారు పని నువ్వు చేయగలవు. పాతికమందిని నీ పేర రాసుకో. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి బస్సు ఫ్రీ అయింది, మగపిల్లల బస్సు పాసుల సంగతి మొదటి వారంలోనే చూడు.

ఇక చదువు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఇంగ్లీషు పుస్తకం ముందు కూర్చునేవాడికి టెన్షన్ మామూలుగా ఉండదు. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గు. ఒంటరిగా బట్టీపడతాడు, బ్యాక్‌లాగ్ పడుతుంది. 1970ల్లో అమెరికాలోని బర్క్లీ యూనివర్సిటీలో కాల్‌క్యులస్ లెక్కల్లో వెనకబడుతున్న నల్లజాతి విద్యార్థులను యూరీ ట్రైస్‌మన్ అనే పరిశోధకుడు దగ్గరుండి గమనించాడు. వాళ్లకు పట్టుదల లేదని అధ్యాపకులు అనుకునేవారు. అతనికి కనిపించింది వేరు: కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వారే చదువుకుంటున్నారు. నలుగురైదుగురిని కలిపి కూర్చోబెట్టి, తేలికవి కాదు, గట్టి లెక్కలే ఇచ్చాడు. మార్కులు బాగా పెరిగాయి. నువ్వూ అలాగే చెయ్యి. వెనకబడ్డవాళ్లంటూ వేరే గది మాత్రం పెట్టకు, ఆ ముద్ర పిల్లలు భరించలేరు. సాయంత్రం వద్దు, తండా బస్సు తప్పితే ఆ పిల్ల మర్నాడు రాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒక గంట చాలు.

అక్టోబరు నుంచి పత్తి ఏరడం మొదలవుతుంది. అప్పుడే క్లాసులు ఖాళీ అవుతాయి. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలి. సెమిస్టరు చివర షార్టేజీ లిస్టు అంటించేదాకా ఆగకు, మూడోరోజు రాకపోతే ఇంటికి ఫోన్ చెయ్యి. తిట్టడానికి కాదు, ఎన్నాళ్లు చేనుకు పోవాలో అడగడానికి. ఏ రోజు తప్పకుండా రావాలో చెప్పు, పోయిన పాఠం ఎవరి నోట్సులో ఉందో చెప్పు. వలసపోయినవాళ్ల నంబర్లు తరచూ మారతాయి. అడ్మిషన్ రోజే అవ్వదో, మేనమామదో, పక్కింటివాళ్లదో ఇంకో నంబరు కూడా రాయించుకో.