ఉచిత కాఫీ మేకర్‌తో వచ్చే కాఫీ సబ్‌స్క్రిప్షన్ తీసుకోవడం లాభమేనా?

టెక్సస్‌కు కొత్తగా వచ్చామని, ఇంట్లో ఇద్దరమే ఉంటామని, మొదటి పెట్టె కాఫీకి డబ్బు కడితే కాఫీ మేకర్ ఉచితంగా పంపిస్తామని ఒక సంస్థ ప్రకటన ఇచ్చిందని, దాన్ని తీసుకోవచ్చా అని మీరు అడిగారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. పాలు కలపని కాఫీని, వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తాగే అలవాటు మీ ఇంట్లో ఉంటే తీసుకోండి, లేకపోతే వద్దు. న్యూజెర్సీలో మా ఇంట్లో ఇటువంటి సబ్‌స్క్రిప్షన్‌ను ఏడాదికి పైగా కొనసాగించి ఆపేశాం. ఆ అనుభవాన్ని, ఆ సమయంలో నేను వేసుకున్న లెక్కలను దృష్టిలో పెట్టుకుని ఈ సమాధానం రాస్తున్నాను.

ఈ వ్యాపార పద్ధతి అమెరికాలో చాలాకాలంగా ఉన్నదే. స్వీడన్‌లో 1853లో విక్టర్ థియోడర్ ఎంగ్వాల్ మొదలుపెట్టిన వ్యాపారం నుంచి వచ్చిన గెవాలియా కాఫీ, 1971లో అమెరికన్ సంస్థ జనరల్ ఫుడ్స్ చేతికి వెళ్లింది. 1980ల నుంచి దాన్ని ఇక్కడ పోస్టు ద్వారా ఇళ్లకు అమ్మారు. కాఫీ మేకర్‌ను బహుమతిగా చూపించే దాని ప్రకటనలు పత్రికల్లో ఎన్నో ఏళ్లు వచ్చాయి. 2011లో అది సూపర్ మార్కెట్లలోకి వచ్చింది. మేము తీసుకున్నది వేరే సంస్థ కాఫీ. అయితే పద్ధతి మాత్రం అదే: యంత్రం ముందు ఇచ్చి, దాని ఖరీదును తర్వాత వచ్చే కాఫీ పెట్టెల్లో కొద్దికొద్దిగా రాబట్టుకోవడం. ఇందులో మోసమేమీ లేదు, కానీ ఆ ఖరీదు ఎంత అవుతుందో కొనేవాళ్లు ముందే లెక్క వేసుకోవాలి.

లెక్క వేయడానికి ఒకే కొలమానం పెట్టుకోండి: షిప్పింగుతో సహా ఒక పౌను కాఫీ మన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఎంత పడుతోంది? ప్రకటనల్లో ఒకరు సంచి ధర చెబుతారు, మరొకరు కప్పు ధర చెబుతారు, ఇంకొకరు నెలకు ఇంత అంటారు. పైగా సంచులన్నీ ఒక కొలతలో ఉండవు. పౌను అంటే 16 ఔన్సులు, అంటే 454 గ్రాములు. దుకాణాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించే సంచి 12 ఔన్సులది, అంటే 340 గ్రాములు. పోస్టులో వచ్చే సంచుల్లో అర పౌనువి, అంటే 227 గ్రాములవి, కూడా ఉంటాయి. బొమ్మలో చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి.

ఉదాహరణకు ఒక పెట్టెలో అర పౌను సంచులు నాలుగు ఉన్నాయనుకుందాం. సంచి 10 డాలర్లు, షిప్పింగు 8 డాలర్లు అయితే రెండు పౌన్ల కాఫీకి 48 డాలర్లు, అంటే పౌను 24 డాలర్లు పడింది. అదే స్థాయి కాఫీ మీ ఊరి దుకాణంలో పౌను 14 డాలర్లకు దొరికితే, ప్రతి పెట్టెకూ మీరు 20 డాలర్లు అదనంగా కడుతున్నట్టు. గాజు జగ్గుతో వచ్చే మామూలు డ్రిప్ కాఫీ మేకర్ దుకాణంలో 30, 40 డాలర్లకు దొరుకుతుంది. రెండో పెట్టె వచ్చేసరికే ఆ యంత్రం ఖరీదు మీరు కట్టేసినట్టు లెక్క. మూడో పెట్టె నుంచి అదనంగా కట్టేదంతా ఊరికే పోయే సొమ్మే. ఇవి ఉదాహరణకు చెప్పిన అంకెలు. మీకు వచ్చిన ప్రకటనలోని అంకెలను వీటి స్థానంలో పెట్టి చూడండి, ఎన్నో పెట్టె దగ్గర యంత్రం ఖరీదు తీరిపోతుందో తెలుస్తుంది.

ఉచితంగా ఇచ్చేది పాడ్ యంత్రమైతే (పాడ్ అంటే ఒక కప్పుకు సరిపడా పొడి నింపి మూసేసిన చిన్న డబ్బా) ఈ లెక్క ఇంకా శ్రద్ధగా వేయాలి. ఒక పాడ్‌లో ఉండే పొడి సుమారు 10 గ్రాములు. పాడ్ 60 సెంట్లకు వస్తోందంటే చవకగానే అనిపిస్తుంది, కానీ పౌను పొడికి 45 పాడ్‌లు కావాలి, అంటే పౌను కాఫీ 27 డాలర్లు. కేకప్ అనే పాడ్ మీద క్యూరిగ్ సంస్థకు ఉన్న ముఖ్యమైన పేటెంట్ల గడువు 2012లో తీరింది. అప్పటి నుంచి ఇతర సంస్థల పాడ్‌లూ దుకాణాల్లో దొరుకుతున్నాయి కాబట్టి, ఒకే సంస్థ దగ్గర ప్రతి నెలా కొనాల్సిన అవసరం కేకప్ యంత్రం వల్ల రాదు, ఒప్పందం వల్లే వస్తుంది.

ధర కంటే మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టింది పెట్టెలు వచ్చే వేళ. సంస్థ నాలుగు వారాలకు ఒకసారి, లేదా ఆరు వారాలకు ఒకసారి పెట్టె పంపిస్తుంది. మన ఇళ్లలో కాఫీ వాడకం అలా ఒక లెక్కగా నడవదు. మా అత్తగారు, మామగారు రాజమండ్రి నుంచి వచ్చి వేసవి అంతా మాతో ఉన్నప్పుడు ఉదయం ఐదున్నరకు మొదలైన కాఫీ సాయంత్రం దాకా సాగేది, పెట్టె వచ్చిన కొద్ది రోజులకే సంచులు ఖాళీ అయ్యేవి, మిగతా రోజులకు దుకాణం నుంచి తెచ్చుకునేవాళ్లం. వాళ్లు తిరిగి వెళ్లాక మావారు ఆఫీసులోనే కాఫీ తాగేవారు, నేను ఉదయం ఒక కప్పుతో ఆపేదాన్ని. పెట్టెలు మాత్రం అదే వేగంతో వచ్చేవి. డిసెంబరులో మేము ఇండియా వెళ్లి వచ్చేసరికి వరండాలో ఒక పెట్టె మంచుకు తడిసి అట్ట ఊడిపోయి ఉంది, పొరుగింటివారు తీసి దాచిన పెట్టె మరొకటి ఉంది. అంతకుముందు వచ్చిన సంచులు అప్పటికింకా అల్మారాలోనే ఉన్నాయి. పెట్టెను ఒక నెల వాయిదా వేసుకోవచ్చని చెబుతారు, కానీ తర్వాతి పెట్టె బయలుదేరడానికి కొన్ని రోజుల ముందే ఆ పని చేయాలి. ఆ తేదీని గుర్తుపెట్టుకోవడం మన బాధ్యత అవుతుంది.

కాఫీ నిలవ ఉండటం చిన్న విషయం కాదు. వేయించిన గింజల నుంచి కొన్ని రోజులపాటు కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తూ ఉంటుంది. మంచి సంచుల మీద కనిపించే చిన్న గుండ్రటి వాల్వు ఆ వాయువును బయటికి పంపించి, గాలిని లోపలికి రానివ్వకుండా ఆపడానికే. పొడి కొట్టాక మాత్రం సువాసన గింజల్లో ఉన్నంత కాలం నిలవదు, ఎందుకంటే గాలి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మాకు వచ్చేది పొడే. సంచిని తిప్పి చూస్తే అడుగున “ఈ తేదీలోగా వాడితే మంచిది” అని మరుసటి ఏడాది తేదీ ఒకటి ముద్రించి ఉండేది, గింజలు వేయించిన తేదీ ఎక్కడా ఉండేది కాదు. వేయించిన తేదీ లేని కాఫీని ఎక్కువ ధరకు కొనవద్దని నా గట్టి సలహా. పోస్టులో తెప్పించుకోవడానికి అసలు కారణం తాజాదనమే కావాలి, అది లేకపోతే దుకాణపు అల్మారా నుంచి తెచ్చుకున్నదానికీ దీనికీ తేడా ఏముంటుంది?

ఇక యంత్రం గురించి. పెట్టె మీద 12 కప్పులు అని రాసి ఉంటుంది. ఆ కప్పు అంటే చాలా యంత్రాల్లో 5 ఔన్సులు, అంటే దాదాపు 150 మిల్లీలీటర్లు. ఇక్కడి మగ్గులతో కొలిస్తే నిండు జగ్గు ఐదారు మగ్గులకు సరిపోతుంది. స్పెషాల్టీ (మేలురకం) కాఫీ రంగంలో సాధారణంగా చెప్పే కొలత లీటరు నీళ్లకు 55 గ్రాముల పొడి. ఆ కొలతతో నిండు జగ్గు కాచాలంటే దాదాపు 98 గ్రాములు కావాలి, అంటే ఒక అర పౌను సంచి రెండు జగ్గులకు కొంచెం పైన వస్తుంది, అంతే. నీళ్లు 92 నుంచి 96 డిగ్రీల సెల్సియస్ వేడిలో పొడి మీద పడాలి. మాకు వచ్చిన యంత్రంలో వంటింటి థర్మామీటరు పెట్టి చూస్తే మొదట్లో పడే నీళ్లు అంత వేడిగా లేవు, అందుకే కాఫీ పల్చగా, కాస్త పుల్లగా దిగేది. జగ్గు కింద ఉండే వేడి పలక మీద అరగంట ఉంచితే అదే కాఫీ చేదెక్కేది. తర్వాత జగ్గు మూతి దగ్గర పగిలింది. ఆ నమూనా యంత్రం దుకాణాల్లో అమ్మేది కాదు కాబట్టి దానికి సరిపోయే జగ్గు ఎక్కడా దొరకలేదు, సంస్థవాళ్లను అడిగితే విడిగా అమ్మమని చెప్పారు. కాబట్టి యంత్రం తీసుకునే ముందు దాని నమూనా పేరు వెతికి, జగ్గు విడిగా దొరుకుతుందో లేదో, ఫిల్టర్ కాగితాలు మామూలు కొలతలోవో కావో చూసుకోండి. తర్వాత ఇండియాకు పంపిద్దామన్న ఆలోచన మీకు ఉంటే అది కుదరదు. ఇక్కడి యంత్రం 120 వోల్టులది, అక్కడి ఇళ్లలో కరెంటు 230 వోల్టులు. కాఫీ మేకర్ 900 వాట్ల వరకు లాగుతుంది కాబట్టి చిన్న కన్వర్టరుతో నడిపించడం కూడా ప్రమాదమే.

మీరు పాలు పోసి తాగేవాళ్లయితే అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మన ఇత్తడి లేదా స్టీలు ఫిల్టరులో డికాక్షన్ దిగేటప్పుడు పైన చెప్పిన కొలతకు మూడు నాలుగు రెట్ల పొడి వేస్తాం, అందుకే అందులో సగానికి పైగా చిక్కటి పాలు పోసినా కాఫీ రుచి నిలబడుతుంది. డ్రిప్ యంత్రం చేసే కాఫీ నల్లగా తాగడానికి తయారైనది, అందులో అన్ని పాలు పోస్తే రంగు మారిన పాలు తాగినట్టుంటుంది. చిక్కదనం కోసం యంత్రంలో పొడి రెట్టింపు వేస్తే పొడి వేసే బుట్ట పొంగి పొడి జగ్గులోకి దిగుతుంది. మా మామగారు రెండు రోజులు ఆ కాఫీ తాగి, మూడో రోజు తన సూట్‌కేసులోంచి ఫిల్టరు బయటికి తీశారు. పైగా ఇక్కడి సంస్థలు పంపే సంచుల్లో సాధారణంగా చికోరి ఉండదు. చికోరి కలిసిన పొడికి అలవాటు పడిన నాలుకకు (ఇండియాలో ఆ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన ఉంది) ఆ లోటు మొదటి గుక్కలోనే తెలుస్తుంది. న్యూ ఓర్లీన్స్‌కు చెందిన కెఫే ద్యు మోంద్ వాళ్ల చికోరి కాఫీ డబ్బా ఇక్కడి తెలుగు ఇళ్లలో, తమిళ ఇళ్లలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే. స్టీలు ఫిల్టరు ఇండియన్ దుకాణాల్లో దొరుకుతుంది, దానికి కరెంటు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు, పగిలే జగ్గూ లేదు. మీ ఇద్దరికీ పాల కాఫీయే ఇష్టమైతే నేను చెప్పేది అదే కొనుక్కోమని.

సబ్‌స్క్రిప్షన్ నిజంగా కలిసొచ్చిన ఇల్లు ఒకటి నాకు తెలుసు. నాతో పనిచేసే ఒకావిడ, ఆమె భర్త ఇద్దరూ ఇంటి నుంచే పని చేస్తారు, రోజూ ఉదయం ఒక జగ్గు నల్ల కాఫీ కాచుకుంటారు, అతిథులు వచ్చినా వాడకం పెద్దగా మారదు. వాళ్లు యంత్రం తమ డబ్బుతో కొనుక్కుని, తమ ఊళ్లోనే గింజలు వేయించే ఒక చిన్న దుకాణం నుంచి వేయించిన తేదీతో సహా గింజలు తెప్పించుకుంటారు. యంత్రం లేని సబ్‌స్క్రిప్షన్‌లో ధర దాచడానికి చోటు తక్కువ, వద్దనుకున్న రోజున ఆపడమూ సులభమే.

ఇవన్నీ చూసిన తర్వాత కూడా మీరు తీసుకోవాలనుకుంటే, కార్డు నంబరు ఇచ్చే ముందు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: కనీసం ఎన్ని పెట్టెలు కొనాలి, అంతకు ముందే ఆపేస్తే యంత్రం తిరిగి పంపాలా లేక దాని ధర కట్టాలా, ఆపడానికి ఫోను చేయాలా లేక వెబ్‌సైటులోనే కుదురుతుందా. మాకు ఫోను చేస్తేనే కుదిరింది. లైనులోకి వచ్చినవారు ఆపే ముందు రెండు సార్లు తగ్గింపు ధర చూపించారు, వద్దన్న తర్వాత కూడా మరో పెట్టె బయలుదేరిపోయిందని చెప్పారు. ఆన్‌లైనులో ఇలా అమ్మేవాళ్లు షరతులన్నీ స్పష్టంగా చెప్పాలని, కొనేవారి అంగీకారం తీసుకోవాలని, ఆపడానికి సులభమైన మార్గం ఇవ్వాలని 2010 నాటి ఫెడరల్ చట్టం చెబుతుంది. ఒక్క క్లిక్కుతో చేరినవారు ఒక్క క్లిక్కుతోనే బయటికి రాగలగాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో ఒక నిబంధన తెచ్చింది గానీ, 2025 జూలైలో అప్పీళ్ల కోర్టు దాన్ని కొట్టేసింది. కాబట్టి ఆ నిబంధన అమల్లో ఉందనుకుని ధీమాగా ఉండవద్దు.

పెట్టెను తీసుకోకుండా తిప్పి పంపితే సబ్‌స్క్రిప్షన్ ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. అడగకుండా పోస్టులో వచ్చిన సరుకుకు డబ్బు కట్టనక్కర్లేదన్న చట్టం నిజమే, కానీ మీరు ఒప్పుకుని చేరిన సబ్‌స్క్రిప్షన్ కింద వచ్చే పెట్టెలు దాని పరిధిలోకి రావు. ఆపేస్తున్నామని మెయిలు రాసి, వాళ్లిచ్చిన జవాబును, తేదీని భద్రపరచండి. ఆ తర్వాత కూడా క్రెడిట్ కార్డు మీద డబ్బు పడితే, ఆ మొత్తం కనిపించిన మొదటి బిల్లు పంపిన 60 రోజుల్లోగా బ్యాంకుకు ఉత్తరం ద్వారా అభ్యంతరం తెలపవచ్చు. డెబిట్ కార్డుకు ఈ హక్కు ఇదే రూపంలో ఉండదు, అందువల్ల ఇటువంటి వాటికి డెబిట్ కార్డు ఇవ్వకండి.