అమ్మడూ, రెండో సర్వర్ కలిపే ముందు ఇది చదువు

అమ్మడూ,

నీ మెసేజ్ చూశా. ఆఫీసు డ్రాయింగులన్నీ ఉన్న ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ (ఫైళ్లని నెట్‌వర్క్ మీద అందరికీ పంచేది) ఒక్కటే ఉందని, ఇప్పుడు ఇంకోటి కొన్నారని, ఒకటి పోతే రెండోది అందుకునేలా క్లస్టర్ కట్టమన్నారని రాశావు కదా. ఫోన్లో చెప్తే సగం గాల్లో పోతుందని కూర్చుని రాస్తున్నా. పెద్దదే, ఓపిగ్గా చదువు.

పేస్‌మేకర్, కోరోసింక్, డీఆర్‌బీడీ అని నువ్వు ఎంచుకున్న సెట్టు బానే ఉంది, లైనక్స్‌లో ఏళ్ల తరబడి నలిగిన దారి అది. కోరోసింక్ రెండు నోడ్ల (క్లస్టర్‌లో ఒక్కో సర్వర్ ఒక నోడ్) మధ్య మాటలు నడుపుతుంది, ఏది ఎక్కడ నడవాలో పేస్‌మేకర్ చూస్తుంది, డీఆర్‌బీడీ డిస్కుని నెట్‌వర్క్ మీద రెండో మిషన్‌కి కాపీ చేస్తూ ఉంటుంది. ఇన్‌స్టాల్ చెయ్యడం ఒక పూట పని, దాని గురించి నేను చెప్పేదేం లేదు.

నేను చెప్పాలనుకున్నది ఒకటే. ఒక నోడ్ నుంచి జవాబు రావట్లేదంటే అది చచ్చిపోయిందని కాదు. మధ్యలో కేబుల్ ఊడి ఉండొచ్చు, స్విచ్ పోయి ఉండొచ్చు, కెర్నల్ కాసేపు బిగుసుకుపోయి మళ్లీ లేవొచ్చు. అలాంటప్పుడు రెండో నోడ్ తొందరపడి డిస్క్ తీసేసుకుని, జనం కంప్యూటర్లు వెతుక్కునే ఐపీ అడ్రస్ కూడా పెట్టేసుకుంటే, మొదటిది కూడా నేనే సర్వర్ని అనుకుంటూ రాస్తూనే ఉంటుంది, ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు ఒకరికి తెలీకుండా ఒకరు రాసినట్టు. షేర్డ్ డిస్క్ అయితే ఎక్స్‌ఎఫ్‌ఎస్ గానీ ఈఎక్స్‌టీ4 గానీ రెండు చోట్ల మౌంట్ అయ్యి ఫైల్‌సిస్టమే పాడైపోతుంది. డీఆర్‌బీడీ అయితే రెండు వేరు వేరు కాపీలు తయారవుతాయి, తర్వాత ఏదో ఒక వైపు జరిగిన పనిని పారేయాల్సి వస్తుంది. స్ప్లిట్ బ్రెయిన్ అంటే ఇదే. సర్వర్ గంట ఆగితే జనం తిడతారు, సాయంత్రానికి మర్చిపోతారు. డేటా పాడైతే మాత్రం ఎవరూ మర్చిపోరు.

అందుకే ఫెన్సింగ్ ముందు పెట్టు, మిగతావన్నీ తర్వాత. ఫెన్సింగ్ అంటే, అవతలి నోడ్ పలకకపోతే దాని కరెంటు తీసేసి, ఆగిపోయిందని ఖాయం చేసుకున్నాకే ఇవతలిది పని మొదలెట్టాలి. పేస్‌మేకర్‌లో స్టోనిత్ (ఈ ఫెన్సింగ్ సెట్టింగే) డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉంటుంది, ఫెన్స్ డివైస్ (కరెంటు తీసే సాధనం) ఇవ్వకపోతే రిసోర్సులు, అంటే పేస్‌మేకర్ నడిపే డిస్కు, ఐపీ లాంటివి, స్టార్ట్ అవ్వవు. అక్కడ చిరాకొచ్చి వెతికితే చాలా చోట్ల స్టోనిత్ ఫాల్స్ చేసెయ్ అని రాసి ఉంటుంది, దయచేసి ఆ పని చెయ్యకు. టెస్ట్ కోసమే కదా అని ఆఫ్ చేసింది అలాగే ప్రొడక్షన్‌కి వెళ్లిపోతుంది, నేను చాలా చోట్ల చూశా.

మీ సర్వర్లలో ఐపీఎంఐ (సర్వర్‌ని దూరం నుంచి ఆపి లేపడానికి దాంట్లోనే ఉండే చిన్న కంట్రోలర్) ఉందన్నావు, సంతోషం, కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. సర్వర్‌కి కరెంటు మొత్తం పోతే దానితో పాటే ఆ ఐపీఎంఐ కంట్రోలర్ కూడా పోతుంది, అప్పుడు ఫెన్స్ కమాండ్‌కి జవాబు రాదు, జవాబు రాలేదు కాబట్టి రెండో నోడ్ ముందుకు కదలదు, అంటే సర్వర్ నిజంగానే పోయిన రోజున క్లస్టర్ కూర్చుండిపోతుంది. కాబట్టి ఒక్కో సర్వర్‌కి ఉన్న రెండు పవర్ సప్లైలని రెండు వేరే యూపీఎస్‌ల మీద పెట్టు, వీలైతే అవుట్‌లెట్‌ని దూరం నుంచి ఆపగలిగే పీడీయూలు (కరెంటు పంచే పట్టీలు) కొనిపించి రెండో లెవెల్ ఫెన్సింగ్‌గా పెట్టు. ఇంకోటి, ఇద్దరి మధ్యా లింక్ తెగితే ఇద్దరూ ఒకేసారి ఒకళ్లనొకళ్లు షూట్ చేసుకుని రెండూ ఆరిపోవచ్చు, దానికి ఒక నోడ్ మీద కొన్ని సెకన్ల ఫెన్సింగ్ డిలే పెడితే సరిపోతుంది.

కోరమ్ గురించి, అంటే నిర్ణయం తీసుకోడానికి సరిపడా ఓట్లు ఉన్నాయా అన్న లెక్క గురించి. రెండు నోడ్లే ఉంటే మెజారిటీ అన్నదానికి అర్థం ఉండదు కాబట్టి కోరోసింక్‌లో టూ నోడ్ ఆప్షన్ ఉంటుంది, దాంతో పాటు వెయిట్ ఫర్ ఆల్ కూడా వచ్చేస్తుంది, అంటే రెండూ ఆరిపోయి లేచినప్పుడు ఒకదాన్నొకటి ఒక్కసారైనా చూసుకునేదాకా ఏదీ మొదలవ్వదు. అది తీసెయ్యకు. మూడో చిన్న మిషన్ ఏదైనా ఖాళీగా ఉంటే క్యూడివైస్ పెట్టుకో, దానికి స్టోరేజ్ అక్కర్లేదు, ఓటు వేస్తే చాలు. కోరోసింక్‌కి రెండు లింకులు ఇవ్వు, రెండూ ఒకే స్విచ్ గుండా పోతే మాత్రం అవి రెండు కావు.

డీఆర్‌బీడీలో ప్రోటోకాల్ సీ పెట్టు, రెండు డిస్కుల మీదా పడ్డాకే రాసినట్టు లెక్క. ఇక్కడ చాలామంది చూసుకోనిది ఎక్స్‌పోర్ట్ (జనం కంప్యూటర్లకి, అంటే క్లయింట్లకి, పంచే ఫోల్డర్) ఆప్షన్. స్పీడ్ కోసం ఎవరో ఎసింక్ అని పెట్టేసి ఉంటారు, అప్పుడు డేటా డిస్క్ మీద పడకముందే సర్వర్ క్లయింట్‌కి రాసేశా అని చెప్పేస్తుంది, ఆ క్షణంలో నోడ్ పడిపోతే ఆ రాత రెండో నోడ్‌లోనూ ఉండదు, క్లయింట్ మళ్లీ పంపదు. కింద ఎంత జాగ్రత్తగా కాపీ చేసినా పైన ఎసింక్ ఉంటే ఏం లాభం చెప్పు. పాత సర్వర్ ఎక్స్‌పోర్ట్స్ ఫైల్ యథాతథంగా కాపీ చెయ్యకుండా ఒక్కో లైను చదివి ఎసింక్ ఉన్నచోట సింక్ అని మార్చు. స్ప్లిట్ బ్రెయిన్ వస్తే తనంతట తనే ఒక వైపు డేటా పారేసే ఆటోమేటిక్ సెట్టింగులు కూడా ఉంటాయి, వాటి జోలికి పోకు, అది మనిషి చూసి తేల్చాల్సిన విషయం.

ఇక ఎన్‌ఎఫ్‌ఎస్ వరస. డీఆర్‌బీడీ ఆ నోడ్‌లో ప్రైమరీ (రాయగలిగే వైపు) అవ్వాలి, ఫైల్‌సిస్టమ్ మౌంట్ అవ్వాలి, ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ లేవాలి, ఎక్స్‌పోర్ట్‌లు రావాలి, అన్నీ అయ్యాకే ఫ్లోటింగ్ ఐపీ (ఏ నోడ్ నడుస్తుంటే దానికి మారే అడ్రస్). ఐపీ ముందొచ్చేస్తే క్లయింట్లు వచ్చి చూస్తే ఎక్స్‌పోర్ట్ ఉండదు, అందరి స్క్రీన్ మీదా స్టేల్ ఫైల్ హ్యాండిల్ అనే ఎర్రర్ పడుతుంది. ఎఫ్‌ఎస్‌ఐడీకి (క్లయింట్లు ఎక్స్‌పోర్ట్‌ని గుర్తుపట్టే గుర్తు) నువ్వే నంబర్ ఇచ్చి రెండు నోడ్లలో ఒకటే ఉండేలా చూడు. యూజర్ల యూఐడీలు (యూజర్ నంబర్లు) రెండిట్లో ఒకటే ఉండాలి. సిస్టమ్‌డీలో (లైనక్స్‌లో సర్వీసుల్ని లేపేది) ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌ని డిజేబుల్ చెయ్యి, లేపడం దింపడం పేస్‌మేకర్ ఒక్కటే చెయ్యాలి.

ఎన్‌ఎఫ్‌ఎస్ తన క్లయింట్లెవరో, లాకుల (వాడుతున్న ఫైల్‌ని పట్టి ఉంచే తాళాలు) కోసం ఎవరికి కబురు పెట్టాలో వార్ లిబ్ ఎన్‌ఎఫ్‌ఎస్ అనే డైరెక్టరీ కింద రాసుకుంటుంది. అది లోకల్ డిస్క్ మీదే ఉండిపోతే కొత్త నోడ్‌కి పాత క్లయింట్లు ఎవరో తెలీదు, వాళ్లు తమ లాకులు తిరిగి అడిగినా ఇవ్వదు. ఆ డైరెక్టరీని డీఆర్‌బీడీ డిస్క్ మీదకి మార్చు, ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ రిసోర్స్‌లో షేర్డ్ ఇన్ఫో డైరెక్టరీ అని దానికే ఆప్షన్ ఉంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4లో గ్రేస్ పీరియడ్ (లాకులు తిరిగి అడగడానికి ఇచ్చే గడువు) డిఫాల్ట్‌గా 90 సెకన్లు. ఫెయిలోవర్ (పని రెండో నోడ్‌కి మారడం) సర్వర్ వైపు అరనిమిషంలో అయిపోయినా, పాత క్లయింట్లు లాకులు తిరిగి తీసుకునేదాకా కొత్తగా ఫైల్ తెరిచేవాళ్లు ఆగాల్సిందే. మీ బాస్‌తో అసలు ఆగదు అని మాటివ్వకు, రెండు నిమిషాలు బిగుసుకుంటుంది తర్వాత పని దానంతటదే సాగుతుంది అని ముందే చెప్పు. క్లయింట్లలో మౌంట్ హార్డ్ (సర్వర్ పలికేదాకా మళ్లీ మళ్లీ అడిగేది) అనే ఉండాలి. సాఫ్ట్ పెడితే ఆ రెండు నిమిషాల్లో టైమౌట్ అయ్యి ప్రోగ్రామ్‌కి ఎర్రర్ వెళ్తుంది, ఆ ఎర్రర్ పట్టించుకోని ప్రోగ్రామ్ సగం రాసిన ఫైల్‌ని పూర్తయిందనుకుని వదిలేస్తుంది.

టెస్టింగ్ మాత్రం గట్టిగా చెయ్యి. నోడ్‌ని మర్యాదగా పక్కన పెట్టే స్టాండ్‌బై కమాండ్ కొట్టి అటు మారింది ఇటు మారింది అని చూస్తే అది టెస్ట్ కాదు. క్లయింట్ నుంచి పెద్ద ఫైల్ కాపీ అవుతుండగా నడుస్తున్న నోడ్ పవర్ కేబుళ్లు రెండూ పీకు. ఇంకోసారి సిస్ఆర్‌క్యూతో (కెర్నల్‌కి నేరుగా ఆదేశమిచ్చే దారి) కెర్నల్ క్రాష్ చెయ్యి. నెట్‌వర్క్ టెస్ట్‌కి ఇంటర్‌ఫేస్ డౌన్ చెయ్యకు, నిజం కేబుల్ తెగితే జరిగేది వేరు, ఫైర్‌వాల్‌లో కోరోసింక్ ట్రాఫిక్ రెండు వైపులా డ్రాప్ చెయ్యి. ప్రతిసారీ కాపీ అయిన ఫైల్ చెక్‌సమ్ అసలు ఫైల్‌దానితో సరిచూడు. ఫైల్‌సిస్టమ్ అన్‌మౌంట్ అవ్వక స్టాప్ ఫెయిల్ అయితే పేస్‌మేకర్ ఆ నోడ్‌ని ఫెన్స్ చేస్తుంది, కంగారు పడకు, అది చెయ్యాల్సిన పనే, టైమౌట్‌లు సరిపోయాయా అని మాత్రం చూసుకో. స్టిక్కీనెస్ (పని ఉన్న నోడ్‌లోనే అంటిపెట్టుకుని ఉండేలా చేసే సెట్టింగ్) పెట్టు, లేకపోతే పని లేచిన నోడ్‌కి మళ్లీ వెనక్కి పోయి జనాన్ని రెండోసారి ఆపొచ్చు. రిసోర్స్ మూవ్ కొడితే పాత వెర్షన్లలో ఒక కన్‌స్ట్రెయింట్ (ఏ నోడ్‌లో నడవాలో చెప్పే నియమం) మిగిలిపోతుంది, క్లియర్ చెయ్యడం గుర్తుపెట్టుకో.

బ్యాకప్ వేరే ఉండాలి. ఎవరైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే రెండు నోడ్లలోనూ ఒకేసారి పోతుంది.

పేస్‌మేకర్ కాన్ఫిగ్, కోరోసింక్ ఫైల్, ఎక్స్‌పోర్ట్‌ల లిస్టు రాసుకున్నాక పాస్‌వర్డులు తీసేసి నాకు పంపు, జనాన్ని దాని మీదకి మార్చకముందే పంపు, ఆదివారం కూర్చుని ఇద్దరం చూద్దాం.

మీ పిన్ని